బర్సాతీకి సర్టిఫికెట్

పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. ఢిల్లీ పక్క ఇందిరాపురంలోని ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో, బాల్కనీ నిండా పాత చీర పరిచి కస్తూరి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. అల్లుడు జశ్వంత్ గుర్‌గావ్ వెళ్ళే ఆఫీసు క్యాబ్ కోసం అప్పటికే కిందికి దిగిపోయాడు, ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా మరిచిపోయి. ఆ డబ్బా పట్టుకుని లిఫ్టు దాకా పరిగెత్తి వచ్చిన కూతురు మైథిలి, చల్లారిపోయిన కాఫీని నిలబడే తాగుతుండగా ఫోను మోగింది.

"మైథిలీ, నేను పృథ్వీని. గుర్తున్నానా?"

గుర్తు లేకేం. పెదనాన్నగారి ఒక్కగానొక్క కొడుకు పృథ్వీరాజ్. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తలూపడం తప్ప ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. పుట్టింది, పెరిగింది ఢిల్లీలోనే కాబట్టి అతని తెలుగు సగం దారిలో హిందీలోకి మళ్ళిపోతుంటుంది. ఆర్.కె.పురం వెనకాల ఉన్న వాళ్ళ ఇంటిని ఒక విదేశీ కంపెనీ తన పెద్ద ఆఫీసరు కోసం అద్దెకు అడుగుతోందట. వాళ్ళ దేశంలో ఇల్లు అద్దెకివ్వాలంటే, ఆ ఇల్లు కరెంటును పొదుపుగా వాడుతుందో దుబారా చేస్తుందో చెప్పే సర్టిఫికెట్ చూపించాలట. ఇక్కడ అలాంటి చట్టమేదీ లేదని బ్రోకరు నచ్చచెప్పబోయాడు. చట్టం లేకపోతే పోనీ, పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటరు ఎవరైనా ఇల్లంతా కొలిచి సంతకం పెట్టాలి, రిపోర్టు నకలు నేరుగా తమకు పంపాలి, అది లేకుండా మాత్రం ఇల్లు తీసుకునేది లేదని వాళ్ళు తేల్చేశారు.

"నువ్వు చేసే పని అదే కదా. ఘర్ కీ బాత్ హై, మనింటి విషయమే. ఒకసారి వచ్చి చూసి, నాలుగు మంచి మాటలు రాసి సంతకం పెట్టేయ్" అన్నాడు పృథ్వీ.

"వస్తాను అన్నయ్యా. తప్పకుండా వస్తాను" అంది మైథిలి.

అంత తియ్యగా తను మాట్లాడగలదని ఆమెకే తెలియదు. ఫోను పెట్టేసి, మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న బస్సు చివరికి మలుపు తిరిగి కనిపించినప్పటి ఆత్రం.

ఎవరని అడిగింది కస్తూరి. మైథిలి చెప్పింది. గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వడియం తర్వాత వడియం పెట్టుకుంటూ పోయింది. కింద గేటు దగ్గర వాచ్‌మన్ సొంతూరు వెళ్తున్నా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపే మనిషి ఆవిడ. అలాంటిది, మర్నాడు కూతురు ఆ ఇంటికి బయల్దేరుతుంటే, "ఏమన్నా ఇవ్వమంటావా?" అని అడగనైనా అడగలేదు. ఆ ఒక్క విషయం చాలు, ఆ తల్లి గుండెలో ఏముందో చెప్పడానికి.

మైథిలి తండ్రి సత్యనారాయణ కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగంలో ఉండగానే పోయాడు. కస్తూరికి ఆయన ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు గానీ, ఉంటున్న క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఆవిడ పేరు మీద ఇంకొకటి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పుడు ఆయన అన్నగారు, పెద్ద హోదాలో ఉన్న సదాశివరావు, కొత్తగా కట్టుకున్న తన ఇంటి డాబా మీది ఒంటిగది చూపించి, మనవాళ్ళు రోడ్డున పడకూడదన్నాడు. అలాంటి గదిని ఢిల్లీలో బర్సాతీ అంటారు. చలికాలంలో పరవాలేదు. వేసవిలో మాత్రం అది పొయ్యి.

అది అంతగా కాలిపోవడానికి కారణం కూడా సదాశివరావుగారే. ఢిల్లీ మేస్త్రీలు డాబా మీదా, గది కప్పు మీదా మట్టికుండలు బోర్లించి, వాటిపైన మందంగా మట్టి పరిచి, ఆపైన ఇటుక పలకలు పేరుస్తారు. ఎండ కిందికి దిగకుండా అడ్డుకునేది ఆ మట్టే. ఈయనది అమలాపురం పక్క ఊరు. నెలల తరబడి ముసురు చూసిన మనిషి. కప్పు మీద మట్టి అనగానే గుండె గుభేల్మంది. తడిస్తే ఇల్లు కారుతుందని, ఎక్కడన్నా బుద్ధున్నవాడు నెత్తిన మట్టి పోసుకుంటాడా అని మేస్త్రీ మీద కేకలేసి, వేసిన మట్టినంతా తవ్వించి పారబోయించాడు. మన వైపు పద్ధతిలో నున్నటి సిమెంటు చేయించాడు. ఢిల్లీలో వాన ఎన్నాళ్ళు కురుస్తుంది, ఎండ ఎన్నాళ్ళు కాస్తుంది అన్న లెక్క ఆయనకు తట్టలేదు. తెలుగువాళ్ళ సమావేశాల్లో తన డాబా గురించి గొప్పగా కూడా చెప్పుకునేవాడు.

పెదనాన్నది తెలివితక్కువ. దాన్ని మైథిలి ఎప్పుడో వదిలేసింది. వదలనిది పెద్దమ్మ సుభద్రను.

ఇంటి మొత్తానికి ఒకటే మీటరు. మెట్ల కింద బోర్డులో పై గదికి ఒక పింగాణీ ఫ్యూజు ఉండేది, తెల్లగా, అరచేతిలో ఇమిడేంత. కస్తూరి ఆఫీసుకు వెళ్ళగానే సుభద్ర ఆ ఫ్యూజు పీకి, తాళాల గుత్తితో పాటు కొంగున ముడివేసుకునేది. పట్టపగలు కరెంటెందుకన్నది ఆవిడ ప్రశ్న. సెలవు రోజుల్లో కస్తూరే స్వయంగా దిగివెళ్ళేది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఫ్యూజు ఇవ్వవా అక్కా" అని అడిగేది. సుభద్ర పప్పు తాలింపు పెట్టేది, కొడుక్కి అన్నం వడ్డించేది, పక్కింటావిడతో మాట్లాడేది. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, కొంగు ముడి విప్పేది. మెట్లమీద కూర్చున్న మైథిలి అదంతా చూస్తూ ఉండేది.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం, తడిపిన చీర కిటికీకి కట్టుకుని చదువుతున్న మైథిలికి కళ్ళు తిరిగాయి. పడుతూ లేస్తూ కిందికి వచ్చి తలుపు కొట్టింది. లోపల కూలరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలుపు తెరుచుకోలేదు. సాయంత్రం కస్తూరి ఇంటికి వచ్చేసరికి కూతురు మెట్ల మీద స్పృహ లేకుండా పడి ఉంది. వడదెబ్బ అన్నారు. బతికి బయటపడింది. పరీక్ష మాత్రం పోయింది.

ఆ ఇల్లు వదిలి వచ్చేసిన రోజు మైథిలి బోర్డులోంచి ఆ ఫ్యూజు పీకి తన సంచిలో వేసుకుంది. చేసిన దొంగతనం అదొక్కటే. ఆ తర్వాత కాలేజీ మారినా, ఉద్యోగం మారినా, పెళ్ళై ఇల్లు మారినా అది ఆమె బట్టల బీరువాలోనే ఉంది. ఇంజనీరింగ్ ఆలస్యంగా, సాయంత్రం కాలేజీలో చదివింది. గోడలోంచి, గాజులోంచి, కప్పులోంచి వేడి ఎలా దిగుతుందో చదువుతుంటే తోటివాళ్ళకు ఆవలింతలొచ్చేవి. ఆమెకు మాత్రం ఎవరి మీదో సాక్ష్యం కూడబెడుతున్నట్టుండేది.

ఆఫీసులో, అది బంధువుల ఇల్లని ముందే చెప్పింది. అయితే ఇంకొంచెం కఠినంగా కొలవమని నవ్వాడు ఆమె పై అధికారి. ఆ మాట ఆమెకు అమృతంలా ఉంది. మర్నాడు బయల్దేరేటప్పుడు పరికరాల సంచిలో ఫ్యూజు కూడా వేసుకుంది.

ఇల్లు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. కింది అంతస్తు, మొదటి అంతస్తు అంతా పాలరాయి. గదికొక ఏసీ. పృథ్వీ గుర్‌గావ్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాడట, ఇప్పుడీ ఇంటిని కంపెనీకిచ్చేందుకు ముస్తాబు చేయించాడు. ఏసీల మీద అంటించిన కరెంటు పొదుపు నక్షత్రాల గుర్తులు చూపిస్తూ వెంట తిరిగాడు. మైథిలి ఆ నక్షత్రాల వంక చూడనే లేదు. పడమటి కిటికీలకు పల్చటి ఒంటి గాజు. తలుపుల కింద వేలు దూరేంత సందు. మీటరుకు అనుమతించిన లోడు పాతదే, దాని మీద పడుతున్న బరువు దాదాపు రెట్టింపు. ఒక్కో లోపం రాసుకుంటుంటే ఆమెకు ఒళ్ళంతా హాయిగా ఉంది. దీన్ని ఏ కంపెనీ తీసుకుంటుందో చూస్తాననుకుంది.

డాబా చూడాలంది. పృథ్వీ మొహం కొంచెం మారింది.

"పైది అద్దెలో లేదు మైథిలీ. ఛోడ్ నా, వదిలెయ్. అసలే ఎండ."

మొదటి అంతస్తుకు వేడి దిగేది డాబా నుంచేనని, చూడకుండా సంతకం కుదరదని ఆమె చెప్పింది. నిజమే, కానీ అసలు కారణం అది కాదు. మూడు గంటల ఎండలో ఆ గది కప్పు ఎంత కాలుతుందో ఒక్కసారి వేడి కొలిచే పరికరం పెట్టి అంకెల్లో చూడాలని ఆమెకు పద్దెనిమిదేళ్ళుగా కోరిక. పృథ్వీకి ఫోనేదో వచ్చింది. ఆమె ఒక్కతే మెట్లెక్కింది.

బర్సాతీ తలుపు తెరిచే ఉంది. కిటికీకి తడి చీర వేలాడుతోంది. లోపల నవారు మంచం మీద ఒక ముసలాయన, ఒంటి మీద తడి తువ్వాలు. ఒక చేయి పక్కన చచ్చుబడి ఉంది. మంచం పక్కన చిన్న పీట మీద కూర్చుని ఒకావిడ పాత క్యాలెండరు అట్టతో ఆయనకు విసురుతోంది. నెత్తిన ఫ్యాను కదలడం లేదు. మూల ఒక కూలరు నోరు మూసుకుని ఉంది.

ఆవిడ వెనక్కి తిరగకుండానే అడిగింది. "కరెంటు వేశావా నాన్నా? మీ నాన్నగారు ఉక్కకి తట్టుకోలేకపోతున్నారు."

మైథిలి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకు జాలి కలగలేదు. ముందుగా కలిగింది సంతోషం. గొంతు దాకా ఉప్పొంగిన, సిగ్గులేని సంతోషం. ఎవరో తన తరపున, తనకంటే బాగా, పని పూర్తిచేసి పెట్టినట్టుంది.

"పృథ్వీ అన్నయ్య కాదు పెద్దమ్మా. నేను మైథిలిని. కస్తూరి కూతుర్ని."

సుభద్ర అట్ట పక్కన పెట్టి తిరిగి చూసింది. పూర్వపు నిండైన మనిషి కాదు. కొంగున తాళాల గుత్తి కూడా లేదు. కింద ముస్తాబు మొదలుపెట్టగానే కొడుకు తమను పైకి మార్చాడట. కింద ఏసీలన్నీ వేస్తే లైను పడిపోతోందని, పనివాళ్ళూ చూడ్డానికి వచ్చేవాళ్ళూ ఉన్నంతసేపు పృథ్వీ పై గదికి కరెంటు ఆపుతాడట. కంపెనీవాళ్ళు దిగాక ఎలాగో ఇంకా చెప్పలేదట. గుర్‌గావ్ ఫ్లాటు చిన్నది, ఆయన మంచానికి చోటు లేదు అన్నాడట. ఆవిడ ఇదంతా కొడుకు మీద చాడీలా చెప్పలేదు. వానొచ్చింది, ఎండొచ్చింది అన్నట్టు చెప్పింది.

మైథిలి పరికరం తీసి కప్పు వైపు గురిపెట్టింది. ఎర్రటి చుక్క సిమెంటు మీద నిలిచింది. అంకె యాభై డిగ్రీల దగ్గర ఆగింది. ఆ అంకె పెద్దమ్మకు చూపించింది. తర్వాత సంచిలోంచి పింగాణీ ఫ్యూజు తీసి పీట మీద పెట్టింది.

"ఇది గుర్తుందా?"

సుభద్ర దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"నువ్వా తీసింది. మీరు వెళ్ళాక ఇల్లంతా వెతికాను" అంది.

"ఆ రోజు నేను తలుపు కొట్టాను పెద్దమ్మా. నిద్రపోతున్నావని అమ్మకు చెప్పావట."

మైథిలి ఎన్నో జవాబులు ఊహించుకుని వచ్చింది. బిల్లు ఎక్కువొచ్చేదంటుంది, పెదనాన్నే చెప్పాడంటుంది, గుర్తులేదంటుంది. ఒక్కోదానికి తను ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది.

"నిద్రపోలేదు. విన్నాను" అంది సుభద్ర. "లేవాలంటే బద్ధకమేసింది. అంతే. నాకప్పుడు ఏ కష్టమూ లేదమ్మా, మీ మీద పగా లేదు. ఫ్యూజు నా చేతికి అందేచోట ఉంది, పీకాను. మీ అమ్మ వచ్చి అడుగుతుంటే బాగుండేది. నన్ను ఇంకెవరూ ఏదీ అలా అడిగేవారు కాదు."

మంచం మీంచి సదాశివరావు ఏదో అన్నాడు. నోరు ఒక పక్కకు లాగుతోంది. సుభద్ర చెవి దగ్గర పెట్టి విని చెప్పింది. డాబా మీద మట్టి తీయించింది తనే అంటున్నాడట. ఎండెక్కిన ప్రతి రోజూ అదే మాట అంటాడట.

మైథిలి ఇంక అక్కడ నిలబడలేకపోయింది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి, ఆ కసి ఎక్కడ కక్కాలో తెలియలేదు. ఫ్యూజు పీట మీదే వదిలేసి దిగివచ్చింది.

కింద పృథ్వీ మంచినీళ్ళు ఇచ్చాడు, నిమ్మరసం ఇచ్చాడు. చూశావుగా, పై గది సంగతి కలపకు, కింది రెండు అంతస్తులకే రాసెయ్, కిటికీ అద్దాలు మార్పించమంటే మార్పిస్తాను, ఏళ్ళ తరబడి అద్దెకుంటారు, నీ పేరు చెప్పుకుంటాను అన్నాడు. ఎవరో రాసిచ్చిన మంచి మాటల కాగితం కూడా తయారుగా ఉంది. సంతకమే తక్కువ.

అప్పుడు తట్టింది మైథిలికి. తను కఠినంగా రాస్తే కంపెనీ రాదు. కంపెనీ రాకపోతే ఆ ముసలివాళ్ళు మళ్ళీ కిందికి వస్తారు. అదే తను తియ్యగా రాసి సంతకం పెట్టిందంటే, ఏసీలు కింద చల్లగా తిరుగుతుంటాయి, సుభద్ర ఏళ్ళ తరబడి ఆ కప్పు కింద కూర్చుని, ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందా అని తలెత్తి చూస్తూ ఉంటుంది. ఇంతకు మించిన శిక్ష తను కలలో కూడా రాయలేకపోయేది. పైగా అది అన్నకు చేసిన సాయంలా ఉంటుంది. ఎవరూ వేలెత్తి చూపరు.

"కాగితం ఇవ్వు అన్నయ్యా. రేపు సంతకం పెట్టి తెస్తాను" అంది. అక్కడే పెట్టేయొచ్చు. ఒక రోజు దాన్ని దగ్గర పెట్టుకుని ఆనందించాలనిపించింది.

సాయంత్రం బాల్కనీలో ఎండిన వడియాలు చీర నుంచి ఒలుస్తున్న తల్లి పక్కన చతికిలబడి, చిన్నపిల్ల బడి కబుర్లు చెప్పినట్టు అంతా చెప్పింది. మన గదిలోనే ఉన్నారమ్మా. మన కిటికీకే తడి చీర కట్టింది. కరెంటు కోసం కొడుకుని అడుక్కుంటోంది. తలుపు చప్పుడు విన్నానని తన నోటితోనే చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. కస్తూరి ఒలవడం ఆపి వింటోంది.

"నువ్వు దిగివచ్చేటప్పటికి ఫ్యాను తిరుగుతోందా?" అని అడిగింది చివరికి.

మైథిలికి ఒళ్ళు మండిపోయింది. "అదా నువ్వు అడిగేది? ఆవిడ మీద నీకు కోపమే లేదా అమ్మా? నన్ను చంపినంత పని చేసింది."

"కోపం లేదని ఎవరన్నారు?" కస్తూరి గొంతు పెరగలేదు గానీ వడియం చేతిలో పొడైపోయింది. "స్పృహ లేకుండా పడున్న నిన్ను ఎత్తుకుని నేను ఆ మెట్లు దిగాను. చచ్చేదాకా ఉంటుంది నాకు కోపం. ఆవిడ కాళ్ళమీద పడ్డా పోదు. కానీ ఆ గదుంది చూశావూ, దాని మీద ఇంకా ఎక్కువ కోపం నాకు. మనం వచ్చేశాక అది పడిపోయి ఉంటుందనుకున్నానే. ఇంకా అలాగే ఉందా? ఇంకా అందులో మనుషుల్ని పెడుతున్నారా?"

మైథిలి కింద రాలిన వడియం ముక్కలు ఏరుతోంది.

"పెద్దమ్మని క్షమించమని నేను చెప్పను. నా వల్లే కావడం లేదు, నీకెలా చెబుతాను. ఆ గదిని మాత్రం వదలకు. నువ్వు అంత చదివింది దాని కోసమే కదా."

కిందెక్కడో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మైథిలి ఆ మంచి మాటల కాగితం వంక చాలాసేపు చూసింది. తన పద్దెనిమిదేళ్ళ కసి తీరే మార్గం అందులో ఉంది, ఇంకొక్క సంతకం దూరంలో. దాన్ని చింపుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. మంచితనంతో వచ్చిన ఏడుపు కాదది. చేతికందింది జారిపోతున్నందుకు వచ్చిన ఏడుపు. కస్తూరి కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది, వడియాల పిండి అంటిన చేత్తోనే.

మర్నాడు మైథిలి పృథ్వీకి ఇచ్చిన రిపోర్టులో మంచి మాట ఒక్కటీ లేదు. ఒకే మీటరు మీద ఉన్నదంతా ఒకే ఇల్లు అని మొదటి వాక్యం. పై గదిలో ఇద్దరు వృద్ధులు నివసిస్తున్నారు, కప్పు వేడి ఇంత, లోడు సరిపోక మధ్యాహ్నం వారికి కరెంటు ఆపుతున్నారు అని రెండోది. డాబా మొత్తం, బర్సాతీ కప్పుతో సహా, పాత ఢిల్లీ పద్ధతిలో కుండలు బోర్లించి మట్టి వేయించాలి, పై గదికి విడిగా మీటరు పెట్టించాలి, అప్పుడే సంతకం.

పృథ్వీ మొహం కందగడ్డలా అయింది. ఢిల్లీలో ఆడిటర్లు ఇంకెవరూ లేరా అన్నాడు. ఉన్నారని, ఎవరొచ్చినా డాబా ఎక్కక తప్పదని, పైగా రిపోర్టు నకలు నేరుగా కంపెనీకి పంపాలన్నది వాళ్ళ షరతేనని ఆమె గుర్తుచేసింది. తల్లిదండ్రుల్ని ఉడకబెట్టే ఇంట్లో వాళ్ళ ఆఫీసరు ఉంటాడో ఉండడో వాళ్ళనే అడుగుదామంది.

"నువ్వు కక్ష తీర్చుకుంటున్నావు. అమ్మ నిన్నెప్పుడో ఏదో చేసిందని."

"అవును అన్నయ్యా, కక్షే. ఆ మాట నేనెప్పుడు కాదన్నాను?" అంది మైథిలి. "ఆవిడ ఫ్యూజు పీకితే నేను చిన్నదాన్ని, ఏమీ చేయలేకపోయాను. ఇప్పుడు అదే గదికి నువ్వు పీకుతున్నావు. ఈసారి ఊరుకోను."

ఆమె తలుపు కొట్టిన మధ్యాహ్నం కూలరు గదిలో ఉండి ఆ చప్పుడు తనూ విన్నాడేమో, పృథ్వీ చూపు తిప్పుకున్నాడు. తర్వాత ఒకటే మాట అడిగాడు, హిందీలో, నెమ్మదిగా. మట్టి వేసే మేస్త్రీలు ఇప్పుడు దొరుకుతారా అని. దొరుకుతారంది మైథిలి.

మట్టి పని జరుగుతున్నన్నాళ్ళూ ముసలివాళ్ళను కింది గదిలోనే ఉంచక తప్పలేదు. కంపెనీ కొన్ని రోజులు ఆగడానికి ఒప్పుకుంది. జూన్ చివర్లో, ఇంకా వాన పడకముందే, మైథిలి మళ్ళీ కొలవడానికి బయల్దేరింది. లిఫ్టు దగ్గర చూస్తే కస్తూరి చీర మార్చుకుని, సంచిలో వడియాల డబ్బా పెట్టుకుని నిలబడి ఉంది. తనూ వస్తానంది. ఎందుకని మైథిలి అడగలేదు.

మెట్ల కింద పై గదికి విడి మీటరు బిగించి ఉంది. ఆ మెట్లు కస్తూరి ఆగి ఆగి ఎక్కింది. బర్సాతీలో కూలరు తిరుగుతోంది. సదాశివరావు నిద్రపోతున్నాడు. సుభద్ర గబగబా లేచి నిలబడి, ఎవరైనా వస్తే ఆపే అలవాటు కొద్దీ, కూలరు కట్టేయమంటారా అని అడిగింది. తోడికోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. మైథిలి పరికరం తీసి కప్పు వైపు పెట్టింది. అంకె మునుపటికంటే చాలా కిందే ఆగింది. ఆ అంకె తల్లికి చూపించింది. తల్లి దాన్ని చూడలేదు, కిటికీ వైపు చూస్తోంది. అక్కడ తడి చీర లేదు.

సుభద్ర కొంగున ముడి ఉంది. తాళాలది కాదు. ముడి సందులోంచి తెల్లటి పింగాణీ అంచు కనిపిస్తోంది.

"నేనెప్పుడైనా నువ్వు అడిగిన వెంటనే ఇచ్చానా కస్తూరీ?" అంది సుభద్ర.

"ఒక్కసారి కూడా ఇవ్వలేదు."

"అంతే. నాకూ గుర్తుంది."

కస్తూరి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, పూర్వం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డట్టే. వడియాల డబ్బా సంచి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి చాపింది.

"ఫ్యూజు ఇవ్వవా అక్కా" అంది.

సుభద్ర వెంటనే ముడి విప్పింది. విప్పుతూనే రెండడుగులు ముందుకు వచ్చింది, ఎక్కడ ఆలస్యమవుతుందో అన్నట్టు. రెండు చేతులతో ఆ ఫ్యూజు కస్తూరి అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని భోరున ఏడ్చేసింది. కస్తూరి ఊరుకోమనలేదు. ఓదార్చలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మైథిలి వాళ్ళకు వీపు చేసి, గోడ మీద కాగితం ఆనించి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది. కళ్ళల్లో నీళ్ళకు అక్షరాలు అలుక్కుపోయాయి. వెనకాల తల్లి గొంతు వినిపించింది, ఇంకా కొంచెం కోపంగానే.

"కూర్చో అక్కా. గాలికి కూర్చో."